ఓడిన పాటల ఊళ్ళు

విగన్‌లో కాసినో ఎక్కడుందని అడిగితే, జవాబును బట్టి అవతలివాళ్ళ వయసు చెప్పెయ్యొచ్చు. కుర్రవాళ్ళు ఫోను తీసి పేకాట క్లబ్బుల కోసం వెతుకుతారు. అరవై దాటినవాళ్ళు ఫోను జోలికి పోరు. ‘‘అది ఎప్పుడో పోయింది లవ్, అక్కడ షాపింగ్ సెంటర్ కట్టారు’’ అని చెప్పి, ఒకసారి ఎగాదిగా చూసి, ‘‘నువ్వూ వెళ్ళేదానివా?’’ అని అడుగుతారు. చీర మీద స్వెటరు, కాళ్ళకి బూట్లు వేసుకుని నడుస్తున్న నన్ను అలా అడిగిన పెద్దాయన వేళాకోళమాడలేదు. కాసినోకి ఎవరైనా వచ్చి ఉండవచ్చని ఆయన నమ్మకం.

ఆయన చెప్పిన షాపింగ్ సెంటర్ పేరు గ్రాండ్ ఆర్కేడ్. 2007లో తెరిచారు. బట్టల దుకాణాల మధ్య జార్జ్ ఫార్మ్‌బీ కంచు విగ్రహం ఉంది, దీపస్తంభానికి ఆనుకుని. ఆ హాస్య గాయకుడు 1904లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. నేను చూడవచ్చింది మాత్రం ఈ సెంటరు కింద ఉన్న నేలని. ఇక్కడే ఎంప్రెస్ బాల్‌రూమ్ అనే పాత డాన్సు హాలు ఉండేది. దానికే విగన్ కాసినో అని పేరు పెట్టారు. జూదం లేదు. రాత్రి రెండు గంటలకు తలుపులు తెరిచి పొద్దున ఎనిమిదికి మూసే ఆ డాన్సులలో మద్యం కూడా అమ్మేవాళ్ళు కాదు. 1973 సెప్టెంబర్ 23 నుంచి 1981 డిసెంబర్ 6 దాకా ఉత్తర ఇంగ్లండ్ కుర్రకారు, వాళ్ళతోపాటు స్కాట్లండ్ నుంచీ దక్షిణాది నుంచీ వచ్చినవాళ్ళు, శనివారం రాత్రిని ఇక్కడ ఆదివారం ఉదయంగా మార్చారు. దేనికోసం? అమెరికాలో ఎవరూ కొనని పాటల కోసం.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ కూతురు. అక్క బోల్టన్‌లో డాక్టరు, ఎముకలూ కీళ్ళూ చూస్తుంది. ‘‘ఒసే, ఈ ఊళ్ళల్లో అరవై ఐదేళ్ళవాళ్ళ మోకాళ్ళు చూస్తే నాకొకటి అర్థమైంది. గనుల్లో చేసినవాళ్ళు, ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు, ఇంక మూడో రకం కాసినోవాళ్ళు. ఎలా అరిగాయండీ అంటే సిగ్గుపడరు, సర్టిఫికెట్ చూపించినట్టు చెప్తారు’’ అంది. నేను చూస్తానంటే బావగారు రైళ్ళ వేళలు రాసిచ్చారు. ఆయనకి ఈ పాటల మీద ఆసక్తి లేదు, రైళ్ళ మీద ఉంది.

కథ విగన్‌లో మొదలు కాలేదు. మాంచెస్టర్ పికడిలీ స్టేషన్ నుంచి కొద్దిదూరం నడిస్తే విట్‌వర్త్ స్ట్రీట్. ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు 1963లో బ్రేజనోస్ స్ట్రీట్‌లో మొదలై, 1965లో ఈ వీధికి మారింది. దాన్ని నడిపింది అబాడీ సోదరులు. బండి చక్రాలు గోడలకు అలంకారం. కాఫీ, కూల్‌డ్రింకులు, తెల్లవార్లూ డాన్సు. అమెరికా నల్లజాతి గాయకులు వచ్చి పాడేవాళ్ళు. అప్పట్లో మాంచెస్టర్ పోలీసులకి ఇలాంటి కాఫీ క్లబ్బులంటే గిట్టేది కాదు. 1965లో వీటి కోసమే ప్రత్యేకంగా ఒక నగర చట్టం చేయించుకున్నారు. 1971 మొదట్లో వీల్ మూతబడింది. ఆ కట్టడం ఇప్పుడు లేదు, ఆ స్థలంలో హోటల్ లేచింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని అడిగాను. వారానికొకరైనా వచ్చి అడుగుతారట, లోపలికొచ్చి నేల వంక చూసి పోతారట.

ఈ సంగీతానికి పేరు పెట్టింది ఉత్తరాదివాడు కాదు. డేవ్ గోడిన్ అనే లండన్ మనిషి. అమెరికా నల్లవాళ్ళ సంగీతం అంటే ప్రాణం పెట్టేవాడు, సోల్ సిటీ అని రికార్డుల దుకాణం నడిపాడు, ‘బ్లూస్ అండ్ సోల్’ పత్రికకి రాసేవాడు. తమ జట్ల వెంట ఫుట్‌బాల్ చూడటానికి లండన్ వచ్చిన ఉత్తరాది కుర్రాళ్ళు దుకాణానికి వచ్చి కొత్త రికార్డులు అడిగేవాళ్ళు కాదు. అప్పటికి అమెరికాలో సోల్ సంగీతం నెమ్మదించి ఫంక్ దారి పట్టింది. వీళ్ళు మాత్రం నాలుగైదేళ్ళ కిందటి గబగబా సాగే పాటలే కావాలనేవాళ్ళు. వాళ్ళకి కొత్తవి చూపించి టైము వృథా చేసుకోవద్దని దుకాణంలో పనిచేసేవాళ్ళకి గుర్తు కోసం ‘నార్తర్న్ సోల్’ అన్నాడు. 1970 ప్రాంతంలో అదే మాట పత్రికలోకి ఎక్కింది. దక్షిణాది దుకాణంలో అమ్మకాల గుర్తుగా పుట్టిన పేరుని ఉత్తరాదివాళ్ళు గుండెకి గుచ్చుకుని తిరిగారు.

పాట ఎలా ఉంటుందంటే, ఫోర్ టాప్స్ బృందం 1965లో మోటౌన్ కంపెనీకి పాడిన ‘ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్’ వినండి. ఆగని దరువు, వెనక ఇత్తడి వాద్యాలు, వయొలిన్లు, పైన ఏడుస్తున్నట్టుండే గొంతు. కాళ్ళు సంబరపడుతుంటే మాటలు దుఃఖపడతాయి. మోటౌన్ విజయం చూసి డెట్రాయిట్‌లో, షికాగోలో, ఫిలడెల్ఫియాలో ఎందరో చిన్న చిన్న కంపెనీలు పెట్టి అలాంటివి వందలకొద్దీ రికార్డు చేశారు. గాయకుల్లో చాలామంది పగలు వేరే పనులు చేసుకునేవాళ్ళే. ఎక్కువ పాటలు రేడియోలో మోగలేదు. అమ్ముడుపోని రికార్డులు గోదాముల్లో పడి ఉన్నాయి. ఇంగ్లండ్ డీజేలు వెళ్ళి, దుమ్ము దులిపి, పెట్టెలకొద్దీ పట్టుకొచ్చారు. ఒక దేశంలో ఓడిన పాటలు ఇంకో దేశపు గనుల ఊళ్ళలో, నూలు మిల్లుల ఊళ్ళలో గెలిచాయి. అవి గొప్ప పాటలు కాబట్టి గెలిచాయా, ఎవరికీ తెలియవు కాబట్టి గెలిచాయా అన్న ప్రశ్న దగ్గరే అభిమానులు విడిపోతారు. నేను ఎవరితో మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చాం.

మాంచెస్టర్ నుంచి విగన్‌కి రైలు ముప్పావు గంట లోపే. పక్క సీట్లో ఆయన లీ అనే ఊళ్ళో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎందుకు వెళ్తున్నానో చెప్పేసరికి చేతిలో పేపరు మడిచేశాడు. ‘‘ఐదు రోజులు మిషను చెప్పినట్టు కదిలేవాణ్ణి. శనివారం రాత్రి నేను చెప్పినట్టు కదిలేవాణ్ణి’’ అన్నాడు. అప్పుడు వెంట ఉండే చిన్న సంచీలో రెండు బనియన్లు, తువ్వాలు, టాల్కం పౌడరు డబ్బా. వెడల్పాటి ప్యాంటు, అడుగున తోలు ఉన్న బూట్లు. చెక్కనేల మీద పౌడరు చల్లితే ఆ బూట్లు జారతాయి. ఒంటరిగానే ఆడాలి, జంట ఉండదు. పక్కకి జారుతూ అడుగులు, ఉన్నట్టుండి గిరగిరా తిరగడం, వెనక్కి పడి చేత్తో నేల తాకి లేవడం, పాటలో ఫలానా చోట హాలంతా ఒకేసారి చప్పట్లు. ఆ చప్పట్లు ఎక్కడ కొట్టాలో ఎవరూ నేర్పరు, తెలియనివాడు ఇట్టే దొరికిపోతాడు.

కాసినో తెరిచిన కొద్ది నెలలకే, 1974 జనవరిలో, బొగ్గు కొరత వల్ల బ్రిటన్ అంతటా ఫ్యాక్టరీలకి వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చారు. మార్చి దాకా అదే పరిస్థితి. ‘‘జీతం తగ్గింది. టిక్కెట్టుకి మాత్రం ఉండేది. ఎలా ఉండేదో అడక్కు’’ అన్నాడాయన. జార్జ్ ఆర్వెల్ 1930లలో విగన్ వచ్చి ఇక్కడి పేదరికం మీద పుస్తకం రాసి వెళ్ళాడు, ఊరికి ఆ పేరు ఇంకా వదల్లేదు. బయటివాళ్ళ మీద కాసినోవాళ్ళ కోపం అర్థం చేసుకోవచ్చు. బయటివాళ్ళు వచ్చి చూసినప్పుడల్లా వాళ్ళకి బొగ్గు మసే కనబడుతుంది, ఇక్కడివాళ్ళ అభిరుచి కనబడదు. 1977లో గ్రెనడా టీవీ కోసం టోనీ పామర్ తీసిన డాక్యుమెంటరీ మీద ఇప్పటికీ వాదన ఉంది. మమ్మల్ని లోకానికి చూపించాడని కొందరు. మా చీకటిలోకి లైట్లు తెచ్చాడని కొందరు. మిల్లులూ పేదరికమూ మధ్య మధ్య అతికించి జాలి పుట్టించాడని ఇంకొందరు. నేను చూశాను. మూడో వాళ్ళ మాటలో నిజముంది. అయినా ఆ డాన్సర్ల కాళ్ళని అంత దగ్గరగా చూపించినందుకు ఆయనకి రుణపడాలి.

విగన్‌లో టీ తాగుతూ కూర్చున్నప్పుడు పరిచయమైనావిడ బరీ ఊళ్ళో కుట్టుమిషను మీద పనిచేసేది. ఆవిడ జ్ఞాపకాలలో సంగీతం కంటే ముందు మరుగుదొడ్లు వచ్చాయి. మోకాలి దాకా కాదు గానీ, చీలమండ దాకా నీళ్ళట. సీలింగు మీద చెమట ఆవిరై పేరుకుని బొట్లుబొట్లుగా మీద పడేదట. ‘‘ఇదంతా చెప్పి మళ్ళీ స్వర్గం అంటావేమిటని మా అమ్మాయి అడుగుతుంది. అక్కడ ఎవడూ నన్ను డాన్సుకి రమ్మని అడగలేదు. అదే స్వర్గం’’ అంది. వేరే క్లబ్బుల్లో అమ్మాయి ఒంటరిగా నేల మీదికి వెళ్తే నలుగురు చుట్టూ చేరేవాళ్ళు. ఇక్కడ వందల మంది మగవాళ్ళు, ఒక్కడూ పలకరించడు, ఎవడి లోకం వాడిది. ఈ మాట ఏ పుస్తకంలోనూ నాకు ఇంత సూటిగా కనబడలేదు. కాసినో చరిత్రలన్నీ డీజేలూ రికార్డులూ సేకర్తలూ, అంటే మగవాళ్ళ పేర్లతో నిండి ఉంటాయి. కాసినో డీజే రస్ విన్‌స్టాన్లీ మొదటి రాత్రి వేసిన మొదటి పాట మాత్రం షెర్రీస్ అనే ఆడపిల్లల బృందానిది.

పొద్దున ఎనిమిదికి ముందు ఎప్పుడూ అవే మూడు పాటలు వేసేవాళ్ళు. టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ పారిష్ పాడినవి. వాటికి ‘త్రీ బిఫోర్ ఎయిట్’ అనే పేరే స్థిరపడింది. తర్వాత ఎండలోకి వచ్చి, ఊరి ఈతకొలనుకి వెళ్ళి ఒళ్ళు కడుక్కుని, బస్సెక్కి, ఆదివారం భోజనానికి ఇంట్లో ఉండాలి. భోజనాల బల్ల దగ్గర నిద్ర ఆపుకోవడమే అసలు కష్టమంది ఆవిడ.

నిద్ర ఆపుకోవడానికి ఏం వాడేవాళ్ళో కూడా చెప్పుకోవాలి. కాసినో గురించి కథలు చెప్పేవాళ్ళలో కొందరు యాంఫిటమిన్ బిళ్ళల మాట రానివ్వరు, కొందరు అదే కథగా చెప్తారు. రెండూ సరికాదు. మద్యం లేని చోట ఆరు గంటలపాటు అలా ఎగరడానికి చాలామంది బిళ్ళలు మింగేవాళ్ళు. మందుల షాపుల తాళాలు పగిలేవి, స్టేషన్ల దగ్గర పోలీసులు సంచులు వెతికేవాళ్ళు. రైల్లో కలిసిన ఫిట్టరు తన జట్టులో ఒకడు ఇరవై మూడో ఏట చనిపోయాడని చెప్పాడు. పాట సంగతికి వెంటనే మళ్ళలేదు. ఏ షాపు, ఏ రంగు బిళ్ళ, ఎవరు పంచేవాళ్ళు, అన్నీ వరసగా చెప్పాడు. చాలా ఏళ్ళుగా లోపల లెక్క రాసుకుంటున్నవాడిలా చెప్పాడు. ‘‘టీవీలో ఇదంతా పౌడరూ ప్యాంట్లూగా చూపిస్తారు. వాడు ప్యాంటు తొడుక్కునే పోయాడు’’ అన్నాడు.

ఈ బిళ్ళల గొడవకి బలైన క్లబ్బు చూద్దామని స్టోక్-ఆన్-ట్రెంట్ వెళ్ళాను. కుండల పరిశ్రమ ఊరు. సీసాల ఆకారంలో ఉండే పాత ఇటుక బట్టీలు అక్కడక్కడా మిగిలాయి. ఇక్కడ పలకరించేటప్పుడు ‘లవ్’ అనరు, ‘డక్’ అంటారు. ట్యూన్‌స్టాల్ పేటలో గోల్డెన్ టార్చ్ ఉండేది, అంతకుముందు అది సినిమాహాలు. షికాగో గాయకుడు మేజర్ లాన్స్ 1972లో అక్కడ పాడితే ఆ కచేరీని ఆల్బమ్‌గా తెచ్చారు. జనం కేకలతో సహా వినొచ్చు. మరుసటి ఏడాది లైసెన్సు కొనసాగించలేదు. టార్చ్ పోయిన ఖాళీలోకే ఆర్నెల్ల తర్వాత విగన్ వచ్చింది. చూడటానికి ఏమీ లేదు, చలి ఎక్కువగా ఉంది, పాట్ పై ఒకటి తిని వెనక్కి వచ్చేశాను.

బ్లాక్‌పూల్‌లోనూ భవనం లేదు. సముద్రం, టవరు, ట్రాములు ఉన్నాయి. సెంట్రల్ డ్రైవ్‌లోని మెక్కా డాన్సు హాలుని 2009లో కూల్చేశారు. కానీ అసలు యుద్ధం జరిగింది ఈ ఊరికీ విగన్‌కీ మధ్య. మెక్కా పై అంతస్తులో హైలాండ్ రూమ్. అక్కడి డీజేలు ఇయాన్ లెవిన్, కాలిన్ కర్టిస్. లెవిన్ బ్లాక్‌పూల్‌లో డబ్బున్నవాళ్ళ బిడ్డ. కుటుంబంతో ఫ్లారిడా వెళ్ళినప్పుడల్లా రికార్డులు గుట్టలుగా తెచ్చేవాడు. మొదట్లో గొడవ లేదు. మెక్కా రాత్రి రెండింటికి మూసేవాళ్ళు, విగన్ రెండింటికి తెరిచేవాళ్ళు, కార్లలో ఇక్కణ్ణుంచి అక్కడికి పోయేవాళ్ళు. తర్వాత లెవిన్‌కి 1960ల పాటల గని అడుగంటుతోందనిపించింది. కార్‌స్టేర్స్ బృందం 1973లో పాడిన పాట తెచ్చి వేశాడు. అది కొత్తది, నెమ్మదిది, డిస్కో వైపు చూసేది. హాలు రెండుగా చీలింది. లెవిన్ పోవాలి అంటూ నినాదాలు రాసుకొచ్చారు. మా వైపు ఒకప్పుడు పద్యనాటకాలాడే రోజుల్లో ఏ కృష్ణుడు రాగం బాగా తీస్తాడని తెల్లారేదాకా కొట్టుకున్నవాళ్ళని చూశాను. యాభై ఏళ్ళ తర్వాత కూడా అదే వేడి ఉన్న వాదన నాకు బ్లాక్‌పూల్ సముద్రపు ఒడ్డున వినబడింది.

బెంచీ మీద ఇద్దరు అన్నదమ్ములు. అన్న విగన్, తమ్ముడు మెక్కా. అన్న వాదన: మీరు ఈ సంగీతాన్ని వదిలేశారు, మేం కాపాడాం. తమ్ముడి వాదన: మీరు దాన్ని ఉప్పులో ఊరేశారు. 1975లో విగన్ పేరు పెట్టుకుని ‘ఫుట్‌సీ’, ‘స్కీయింగ్ ఇన్ ద స్నో’ అంటూ రెండు రికార్డులు హిట్లయ్యాయి. టీవీలో టాప్ ఆఫ్ ద పాప్స్‌కి కాసినో డాన్సర్లని తీసుకెళ్ళి ఎగరనిచ్చారు. ‘‘అది కాపాడటమా? సర్కస్ కదా’’ అన్నాడు తమ్ముడు. అన్న ఆ రెండు రికార్డుల విషయంలో మాత్రం తల దించుకున్నాడు. విగన్ వీరాభిమానులకి కూడా అవి ఇంటిగుట్టు లాంటివి. నేను తమ్ముడి మాటే న్యాయంగా ఉందనుకున్నాను. వెతకడం ఆపేస్తే ఈ సంగీతంలో మిగిలేది పాత పాటల గంట, అది ఏ రేడియోలోనైనా దొరుకుతుంది. అయితే అన్న లాంటి మొండివాళ్ళు లేకపోతే యాభై ఏళ్ళ తర్వాత వాదించుకోవడానికి ఏమీ మిగిలేది కాదన్నది కూడా ఒప్పుకోవాలి.

వెతుకులాటలో ఒక పాడు గుణం కూడా ఉంది. డీజే ఎవరికీ దొరకని రికార్డు సంపాదిస్తే దాని లేబుల్ మీద తెల్ల కాగితం అతికించేవాడు. గాయకుడికి ఏదో దొంగపేరు పెట్టి వేసేవాడు. పక్క డీజే అది తెలుసుకుని ఇంకో ప్రతి తెచ్చుకోకూడదు. హాలంతా ఊగిపోతుంది, పాడిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఒకసారి అమెరికాలో ఓడిపోయినవాడిని ఇంకోసారి ఇంగ్లండ్‌లో పేరు లేకుండా చెయ్యడమే కదా. ఈ మాట సేకర్తలతో అంటే నవ్వుతారు, అదొక ఆట అంటారు. ఒకవైపు ఆడుతున్నవాళ్ళకి తెలియకుండా జరిగే ఆట.

అందరూ చెప్పే కథ ఫ్రాంక్ విల్సన్‌ది. 1965లో మోటౌన్ వాళ్ళ సోల్ లేబుల్ మీద ‘డూ ఐ లవ్ యూ’ పాడాడు. విడుదలకి ముందే రికార్డు ఆగిపోయింది, ప్రతులు నాశనం చేశారు. గాయకుడిగా కాక నిర్మాతగా ఉండటానికి ఆయన మొగ్గాడు, తర్వాత పెద్ద పాటలెన్నో నిర్మించాడు. మిగిలినవి రెండే ప్రతులని చాలాకాలం నమ్మారు. వాటిలో ఒకటి మోటౌన్ భాండాగారం నుంచి ఎలా బయటికి వచ్చిందో గానీ, ఎడ్డీ ఫాస్టర్ అనే దొంగపేరుతో ఇంగ్లండ్‌లో నకలు రికార్డులుగా అచ్చయింది. కాసినో ఊగిపోయింది. మోటౌన్ వాళ్ళు కళ్ళు తెరిచి 1979లో అసలు పేరుతో ఇంగ్లండ్‌లో విడుదల చేశారు. 2009లో ఒక అసలు ప్రతి వేలంలో 25,742 పౌండ్లకి పోయింది. కాసినో చివరి రాత్రి ఆ మూడు పాటలూ అయిపోయాక కూడా జనం కదలకపోతే, విన్‌స్టాన్లీ చేతికందిన రికార్డు వేశాడట. అదీ ఇదే.

గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ ఎడ్ కాబ్ రాసిన పాట, 1965లో ఒక రికార్డు రెండో వైపున వచ్చి ఎవరికీ పట్టకుండా పోయింది. 1973లో రిచర్డ్ సర్లింగ్ అనే డీజే ఫిలడెల్ఫియాలో ఆ రికార్డు కొని తెచ్చాడు. ఉత్తరాది క్లబ్బుల్లో మోగింది. ఆ వినికిడిలోంచే సాఫ్ట్ సెల్ బృందం 1981లో తమ పద్ధతిలో పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికా పట్టికలో 43 వారాలు. అదే ఏడాది డిసెంబర్‌లో కాసినో మూసేశారు. ఆ స్థలంలో పురపాలక భవనాన్ని విస్తరిస్తామన్నారు, విస్తరించలేదు. మరుసటి ఏడాది ఖాళీ భవనానికి నిప్పంటుకుంది. సంగీతం లోకమంతా పాకిపోయిన సమయంలోనే ఆ నేల పోయింది.

నల్లవాళ్ళ పాటలకి తెల్లవాళ్ళు ఇంతగా ఎగరడం గురించి ఎవరేమంటారో అడిగాను. ‘కీప్ ద ఫెయిత్’ అని రాసి బిగించిన పిడికిలి బొమ్మ ఉన్న బిళ్ళలు ఇప్పటికీ చొక్కాలకి కుట్టించుకుంటారు. ఆ పిడికిలి అమెరికా నల్లజాతి ఉద్యమానిది. ఎక్కడిదో తెలిసి పెట్టుకున్నవాళ్ళు కొందరు, తెలియకుండా పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ. హడర్స్‌ఫీల్డ్‌లో పెరిగిన, జమైకా మూలాలున్న ఒకాయన తనూ కాసినోకి వెళ్ళేవాణ్ణన్నాడు. ‘‘బయట వీధిలో నన్ను తిట్టేవాడే లోపల నా పక్కన చప్పట్లు కొట్టేవాడు. బయటికొచ్చాక మళ్ళీ తిట్టాడా అని అడుగుతావు. ఒకడు తిట్టాడు. ఒకడు మానేశాడు. లెక్క అంతవరకే’’ అన్నాడు. నాకు ఇంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

గాయకులకి ఏం దక్కిందని అడిగితే జవాబు ఇంకా చిన్నది. డీన్ పారిష్‌కి తన పాట ఇంగ్లండ్‌లో పొద్దుటి ప్రార్థన లాంటిదైందని దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. తెలిశాక వచ్చి పాడాడు. మేజర్ లాన్స్ లాంటివాళ్ళకి ఇక్కడ కొంత బతుకు దొరికింది. 1982 నుంచి కెంట్ లాంటి కంపెనీలు ఒప్పందాలు చేసుకుని పద్ధతిగా మళ్ళీ విడుదల చేస్తున్నాయి. నకలు రికార్డుల రోజుల్లో అమ్ముడైన వేల ప్రతుల డబ్బు మాత్రం పాడినవాళ్ళ ఇంటికి పోలేదు.

చివరి ఆదివారం బోల్టన్ దగ్గర ఒక వర్కింగ్ మెన్స్ క్లబ్బులో మధ్యాహ్నం సోల్ డాన్సు. అక్క కూడా వచ్చింది, ‘‘నా పేషెంట్లు ఎవరైనా ఉంటే నన్ను చూసి ఆపేస్తారేమో’’ అనుకుంటూ. ఆపలేదు. పౌడరు చల్లరాదని గోడ మీద కాగితం అంటించారు. దాని కింద నిలబడే ఒకాయన జేబులోంచి డబ్బా తీసి బూట్ల కింద రాసుకున్నాడు. అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళు. ఇప్పుడు వెనక్కి పడరు, కాళ్ళు పైకి లేవవు. ఆ పక్కకి జారే అడుగు మాత్రం చెక్కుచెదరలేదు. చప్పట్లు పడాల్సిన చోటే పడ్డాయి. అక్క వాళ్ళ నడుముల వంక చూస్తోంది, వైద్యం దృష్టితో. రెండో పాటకి ఆ దృష్టి పోయింది, కాలు ఆడిస్తోంది.

కుర్రవాళ్ళు కూడా ఓ పదిహేనుమంది ఉన్నారు. 2014లో ఎలెయిన్ కాన్‌స్టంటైన్ తీసిన ‘నార్తర్న్ సోల్’ సినిమా కోసం కుర్రాళ్ళకి డాన్సు నేర్పించినప్పటి నుంచి ఈ కొత్త గాలి వచ్చిందంటారు. 2023లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీల్లో ఆర్కెస్ట్రాతో ఈ పాటలు మోగించారు. దాని గురించి క్లబ్బులో నేను విన్న అభిప్రాయాల్లో మర్యాదైనది: ‘‘సీట్లున్నాయి కదా, ఎలా ఆడతారు?’’

రికార్డులమ్మే బల్ల దగ్గర బ్రిస్టల్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఫ్రాంక్ విల్సన్ పాట కొత్త ముద్రణ కొంది, తొమ్మిది పౌండ్లు. పక్కనే నిలబడ్డ సేకర్త పెదవి విరిచాడు. అసలు ప్రతి కాకపోతే తన డెక్ మీద పెట్టనన్నాడు. అసలుది కొనాలంటే ఇల్లమ్ముకోవాలి కదా అంది ఆ అమ్మాయి. అయితే వినకు, ఇంకో పాట వెతుక్కో, వెతకడమే ఇందులో ఉన్నదన్నాడు. వాళ్ళిద్దరి మధ్యకి బరీలో కుట్టుమిషను నడిపిన ఆవిడ వచ్చింది. ఆవిడ అక్కడికి వస్తుందని నాకు తెలియదు. బూట్లు మార్చుకుంటూ సేకర్త వంక చూసి, ‘‘ఏం, కాసినోలో నువ్వు ఎగిరింది అసలు ప్రతికా? ఎడ్డీ ఫాస్టర్ దొంగ అచ్చుకి కదా’’ అంది.

ఆయన ఒక్క క్షణం తడుముకున్నాడు.

‘‘అదీ ఉంది నా దగ్గర. అది అస్సలు అమ్మను.’’